జర్మనీ గుడ్డలకు పసుపు

మా అత్తకు రాజ్యాలన్నీ చుట్టాల కిందే లెక్క. కొందరితో వియ్యం, కొందరితో కయ్యం, అంతే. అందుకే మానేరు ఒడ్డున ఉన్న మా సాలెవాడకు జర్మనీ ఆర్డరు వచ్చిందని వినగానే ఆమె మొదట అడిగిన మాట, "వాళ్ళు మనకేమైతరు?"

మా నేత సంఘం ప్రెసిడెంటు హైదరాబాదు వెళ్ళి ఆ ముచ్చటంతా తెలుసుకొచ్చాడు. జర్మనీలు రెండట. మనకు ఆర్డరిచ్చింది తూర్పు జర్మనీ. దానితో మన సర్కారుకు వ్యాపార ఒప్పందం ఉంది గాని, దాన్నింకా ఒక దేశంగా ఒప్పుకోలేదు. పడమటి జర్మనీలో ఉన్నట్టు అక్కడ మన రాయబారి లేడు. మనం సరుకిస్తే వాళ్ళు యంత్రాలిస్తారు.

"అంటే అన్నదమ్ములు ఏరువడ్డరు. ఒకనితోని వియ్యం, ఇంకోనితోని ఉత్త ఇచ్చిపుచ్చుకునుడు. గంతేనా?" అంది అత్త. ప్రెసిడెంటు నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. దౌత్యం సంగతి ఇంత సులువుగా నాకు మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

నేయాల్సినవి బల్లల మీద పరిచే తెల్లగుడ్డలు. "బల్లకు బట్టగట్టుడేందే!" అని అత్త పడీపడీ నవ్వింది. నాకు మాత్రం అది నవ్వులాట కాదు. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయి, వాడలో సగం మంది మగవాళ్ళు భీవండి మిల్లులకు పోయారు. మా ఇంటాయన కూడా బట్టల మూట కట్టి పెట్టుకున్నాడు. ఈ సరుకు పాసైతే ఏడాది పొడుగునా నూలొస్తుంది, ఆయన ఇంట్లో ఉంటాడు. కాకపోతే రైలెక్కుతాడు. మా మామ అట్లాగే నా పెళ్ళికి ముందు షోలాపూర్ మిల్లుకు పోయాడు. మళ్ళీ కబురు లేదు, బతికున్నాడో లేదో తెలియదు. అత్త బొట్టు తీయలేదు, తీయమనే ధైర్యం ఎవరికీ లేదు. ఏమైనా సరే, నా మొగుణ్ణి ఆ రైలెక్కనివ్వనని నేను గట్టిగా అనుకున్నాను.

నేసిన గుడ్డలను మడతపెట్టే పని మా ఇంటికి వచ్చింది. నేను మా తల్లిగారింటికి పోయి తిరిగొచ్చేసరికి మడతలన్నీ గోడవారన ముచ్చటగా పేర్చి ఉన్నాయి. ప్రతి గుడ్డ మూలకూ ఇంత పసుపు!

"అయ్యయ్యో! గిదేం జేసినవ్ అత్తా?"

"ఏమాయె? పసుపంటని తెల్లగుడ్డ పీనుగు మీద గప్పుతరు. మంది ఇంటికి పోయేదానికి పసుపు వెట్టద్దా?"

నెత్తి కొట్టుకున్నాను. కొత్తబట్ట కట్టే ముందు మూలకు పసుపు పెట్టడం మాకు పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటే. ఆమె చుట్టాలకు చేసినట్టే జర్మనీకీ చేసింది.

ప్రెసిడెంటు ఉరికొచ్చాడు. "ముసల్ది ముంచింది! ఎల్లుండే జర్మనీ ఆయన చూడనీకి వస్తుండు. సర్కారు ఇజ్జత్ ఏం గావాలె?" అని వాడంతా వినబడేట్టు తిట్టాడు. అత్త తల వంచుకుని నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముంచింది ఆమె గాదు, నువ్వు! జర్మనీ రెండు ముక్కలని జెప్పినవ్ గాని, పసుపు వెట్టద్దని ఒక్క మాటన్న జెప్పినవా?"

నోరు పారేసుకున్నంత వేగంగానే ఒక గుడ్డ మూలకు సబ్బు రాశాను. పసుపు పోలేదు సరిగదా, కుంకుమలా ఎర్రబారింది. ఛీ, నా తొందర తగలబడ! సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని తెలియని ఆడది ఉంటుందా? తెలిసీ చేశాను. కాస్త కుదుటపడ్డాక గుర్తొచ్చింది, పసుపును తీసేది ఎండ. కానీ మృగశిర కార్తె అప్పటికే వచ్చింది, ఆకాశం నిండా మబ్బే.

అయినా ఊరుకోలేదు. వాడలోని ఆడవాళ్ళందరినీ కూడగట్టాను. మానేరు ఇసుక మీద పాత చీరలు పరిచి, వాటి మీద గుడ్డల మూలలు తడిపి ఆరేశాం. ఎండ ఎటు కాస్తే అటు మోశాం, చినుకు పడితే వాటిని ఎత్తుకుని పరుగెత్తాం. నీడన కూర్చోమంటే అత్త వినలేదు. "నేను వెట్టిన పసుపు, నేనే దీస్త" అని నడుం వంచి తిరుగుతూనే ఉంది.

చెప్పిన నాటికే జర్మనీ ఆయన హైదరాబాదు ఆఫీసరుతో మా సంఘం గదికి వచ్చాడు. ఒక్కో గుడ్డనూ కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. అడుగున ఉన్న కొన్నింటికి లేత పసుపు మిగిలే ఉంది. ఇదేమిటని ఆఫీసరు మా వైపు తిరిగాడు. ప్రెసిడెంటు నోరు తెరిచేలోగా నేనే చెప్పాను. "పసుపు సార్. కొత్తగుడ్డ తీసుకున్నోళ్ళు సల్లగుండాలని వెడ్తం. ఎండకేస్తే పోతది."

ఆఫీసరు ఆ మాటను వాళ్ళ భాషలో చెప్పాడు. జర్మనీ ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. మరకలున్నవి పక్కన పెట్టించి, మిగతా సరుకంతా పాస్ చేసి వెళ్ళిపోయాడు. అంత పొడిగా తేలిపోయింది. నేను ఆ మరకల గుడ్డలు మూటగట్టుకుని ఇంటిదారి పట్టాను.

ఇంటికొచ్చాక మా ఆయన నవ్వుతూ తల్లిని ఆటపట్టించాడు. "ఇగ జెప్పు అవ్వా, భీవండి పోవాల్నా, వద్దా?"

ప్రెసిడెంటు అన్ని తిట్లు తిట్టినా కంట తడిపెట్టని మా అత్త, మగ్గం గుంజ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"పోకు బిడ్డా. మీ బాపు గూడ గిట్లనే అడిగిండు. వద్దంటే ఆగుతుండె. నేనే పోయిరమ్మన్న."