మళ్ళీ ప్రభువుకే ఇవ్వని క్యాసెట్టు

కృపామయుడైన నా దేవునికి ముందుగా స్తోత్రం. మోకాళ్ళు వంచే మనసునూ, వంగని మోకాళ్ళను వంచే మార్గాన్నీ ఇచ్చేవాడు ఆయనే గనుక, ఒక మోకాలి గురించీ ఒక పసుపు ప్లాస్టిక్ డబ్బా గురించీ నేను చెప్పబోయే ఈ సంగతిలో కాస్తంత మంచి కనబడితే ఆ మహిమ ఆయనకే చెందాలి. విసుగు మాత్రం పూర్తిగా నాది.

ఆ రోజుల్లో అన్నానంటే మరీ పాత రోజులనుకోకండి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసి, టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేములను జనం అటక మీదకీ, అటక మీంచి పాత సామాన్ల కొట్టుకీ తోలేసిన రోజులవి. నేను డిగ్రీ పూర్తిచేసి నర్సీపట్నంలో ఒక జిరాక్సు షాపులో చేరాను. ఆదివారం సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. మా సంఘంలో యవనస్తుల నాయకుణ్ణి కూడా (ఎన్నుకోలేదు, ఆ రోజు మిగతావాళ్ళు రాలేదు). ఇంత బాధ్యత గల మనిషి, చిన్నప్పుడు ఆడిన ట్యాంకుల ఆట క్యాసెట్టు కోసం తుక్కు కుప్పల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతుకుతూంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఏమనుకోవాలో సరిగ్గా అదే అనుకున్నారు.

కారణం మా అన్నయ్య. ఏజెన్సీకి జీపు తోలేవాడు. ఒక వానాకాలం జీపు పైకెక్కి మూటలు కడుతూ జారిపడి ఎడమకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కట్టు విప్పాక డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, రోజూ మంచం అంచున కూర్చోబెట్టి, కాలు కిందికి వేలాడదీయించి, కొద్దికొద్దిగా మోకాలు వంచించాలని చెప్పారు. ఇప్పుడు వంచకపోతే అది కర్రలా బిగుసుకుపోతుందనీ, క్లచ్ తొక్కడం ఇక మరిచిపోవచ్చనీ కూడా చెప్పారు. అన్నయ్య వింటే కదా. గోడవైపు తిరిగి పడుకుని, ఫోను ముఖం మీద పెట్టుకుని, రోజంతా అలాగే ఉండేవాడు. ప్రార్థన చేయడానికి మా పాస్టరు అయ్యగారు వస్తే దుప్పటి కప్పుకునేవాడు. అమ్మ బతిమాలింది, నేను వాక్యం చెప్పాను. వాక్యం చెప్పినందుకు దిండు విసిరాడు.

అప్పుడు తట్టింది నాకు. చిన్నప్పుడు మేమిద్దరం ఆడిన ఆ వీడియో గేముకు రిమోట్ల వైర్లు చాలా పొట్టివి. టీవీ ముందుకు జరిగి, నిటారుగా కూర్చుని ఆడాలి తప్ప పడుకుని ఆడటం ఎవరి తరమూ కాదు. ట్యాంకుల ఆటంటే అన్నయ్యకు ప్రాణం. ఆ ఆట ఒక్కటి దొరికితే మంచం అంచుకు వాడే వస్తాడు. ఈ ఆలోచన దేవుడే ఇచ్చాడని నాకు గట్టి నమ్మకం. అయితే ఎక్కడ దొరుకుతుందో కూడా ఆ చేత్తోనే చెప్పి ఉంటే నాకింత తిరుగుడు తప్పేది.

మొదట పెదబొడ్డేపల్లి వైపున్న పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏటి బాబూ?"

"టీవీకి పెట్టుకునే వీడియో గేమ్ క్యాసెట్లు ఉన్నాయాండీ? పసుపు రంగువి."

"ఆ క్యాసెట్లా? నిన్ననే బద్దలు కొట్టించీసేను. ప్లాస్టిక్కు ఏరు, లోపలి పచ్చ అట్ట ఏరు. ఏటి, అంత బేగి అవసరం పడిపోనాదా?"

"మళ్ళీ వస్తే ఉంచండి."

"రావు బాబూ. వొచ్చినయ్యన్నీ వొచ్చీసేయి. అయినా ఆ ఆటలు ఫోన్‌లో ఉంటాయి కాదేటి?"

ఈ చివరి మాట మా ఊళ్ళో నాకు చెప్పనివాడు లేడు. జిరాక్సు షాపు యజమాని చెప్పాడు. బస్సులో పక్క సీటాయన చెప్పాడు. ఫోన్‌లో ఉన్నంత మాత్రాన నాకు పనికిరాదనీ, ఫోను పడుకుని చూసే వస్తువనీ, నాకు కావలసింది పడుకోనివ్వని వస్తువనీ ఎంతమందికని చెప్పను? కోటవురట్ల సంతలో పాత రేడియోలు పెట్టుకున్న ముసలాయన మాత్రం ఫోను మాట ఎత్తలేదు. "మొన్నటి దాకా అడ్డంగా పడుండీది. మా గుంటడు దాన్ని తలుపు కింద అడ్డుగా పెట్టీసేడు. గాలికి తలుపు కొట్టుకోదు," అన్నాడు. ఆ తలుపు ఎక్కడుందో అడిగాను. వాళ్ళు ఇల్లు మారేటప్పుడు తలుపు దగ్గరే వదిలేసి వచ్చారట.

యలమంచిలిలో, స్టేషనుకు పోయే దారిలో, టీవీలు బాగుచేసే ఒకాయన దగ్గర గేము మెషీను దొరికింది. వైర్లు పొట్టిగా, ఎంతో ముద్దుగా ఉన్నాయి. రెండు రిమోట్లూ పనిచేస్తున్నాయి. క్యాసెట్టు మాత్రం లేదు. అయినా దొరికిందే భాగ్యమనుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా స్తోత్రాలు చెప్పుకుంటూ తెచ్చాను. అన్నయ్య దుప్పటిలోంచి ఒక కన్ను తీసి చూశాడు.

"బండి తెచ్చినావు. తాళం ఏదిరా?"

"దొరుకుతుంది."

"దొరికినప్పుడు లేపు," అని మళ్ళీ గోడవైపు తిరిగాడు.

తండ్రి గాడిదలను వెతకడానికి వెళ్ళిన సౌలుకు రాజ్యం దొరికిందని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. నాకు దొరికినవి వినండి: చేతికి తుప్పు గాటు, దానికి టెటనస్ ఇంజెక్షను, ఎవరిదో పెళ్ళి వీడియో, "ఈ కుర్రాడికి ఉద్యోగం పోయినట్టుంది" అన్న పేరు. వారాలు గడుస్తున్నాయి. మోకాలు బిగుస్తోంది. నా ప్రార్థనల్లో వినయం తగ్గి, షాపులో కస్టమర్లు నాతో మాట్లాడే ధోరణి వచ్చేసింది.

ఇంతలో మా మందిరంలో కోత పండుగ వచ్చింది. తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. ఆ రోజు రైతులు తొలి పంట తెస్తారు, భూమి లేనివాళ్ళు ఇంట్లోని వస్తువు ఏదో ఒకటి తెస్తారు. అన్నిటినీ బల్ల మీద పెట్టి ప్రార్థన చేశాక అవి దేవునివి. ఆరాధన అయ్యాక పందిట్లో వేలం వేస్తారు. ఇక్కడ ఒక పద్ధతి ఉంది, ఎక్కడా రాసి లేదు గానీ అందరికీ తెలుసు. పాట గెలిచినవాడు డబ్బు ఇస్తాడు, వస్తువును ఇంటికి తీసుకుపోడు. "మళ్ళీ ప్రభువుకే" అని తిరిగి ఇచ్చేస్తాడు. మళ్ళీ పాట. ఒక్క కోడిపెట్ట అలా చేతులు మారీ మారీ, ఎండకు సొమ్మసిల్లి, చివరికి అయ్యగారింటికి చేరుతుంది. మొదటిసారే వస్తువును సంచిలో వేసుకుని పోయినవాడి గురించి మరుసటి పండుగ దాకా మాట్లాడుకుంటారు. ఈ విషయం మీద యవనస్తులకు ప్రసంగం చేసింది కూడా నేనే.

వస్తువులను జనం మధ్య తిప్పి చూపించే పని నాది. చెరుకు కట్ట అయింది, గుమ్మడికాయ అయింది, జీడిపప్పు అయింది. తర్వాత మా కుట్టుమిషను ఆంటీ తెచ్చిన సంచి ఎత్తాను. "మా గుంటడి ఆటసామాన్లు బాబూ. ఆడికి ఉజ్జోగం వొచ్చింది, ఇంకేటి ఆడతాడు," అంది ఆవిడ. లోపలికి చూశాను. విరిగిన కారుకీ, గోళీల డబ్బాకీ మధ్య పసుపు క్యాసెట్టు. దాని మీద ట్యాంకు బొమ్మ. (ఆంటీ ఇల్లు మా ఇంటికి మూడో ఇల్లు. నేను యలమంచిలి దాకా వెళ్ళొచ్చాను.) ప్రార్థన అయిపోయింది గనుక చాటుగా అడిగి తీసుకునే వీలు లేదు. పాడి గెలవాలి.

పాడాను. పాత బొమ్మల సంచి ఎవరికి కావాలి, వెంటనే దక్కుతుందనుకున్నాను. మా సంఘపెద్ద ఒకాయనున్నారు, జీడితోటల ఆసామి, ఆయన్ని మేం జీడిపిక్కల తాతగారంటాం. దేవుని వస్తువు చవగ్గా పోకూడదన్నది ఆయన సిద్ధాంతం. నా మీద పాట పెంచారు. నేనూ పెంచాను.

"ఆ సంచిలో ఏటున్నాదిరా?" అన్నారు.

"ఏం లేదండి తాతగారూ. పాత ప్లాస్టిక్ సామాన్లండి."

"మరి నువ్వెందుకలాగ పాడతన్నావు?" అని ఇంకా పెంచారు.

మొత్తానికి గెలిచాను. అయ్యగారు మైకులో, "మన యవనస్తుల నాయకుడు సంతోషంగా మళ్ళీ ప్రభువుకే ఇస్తున్నారు," అని చెయ్యి చాపారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా బుద్ధి వద్దంటూండగానే, ఏళ్ళ తరబడి అలవాటైన నా చేతులు సంచిని ఆయనకు ఇచ్చేశాయి. ఆ నిమిషంలో నా చేతుల మీద నాకొచ్చినంత కోపం ఇంతవరకూ ఎవరి మీదా రాలేదు.

రెండో పాట తాతగారు గెలిచి, గొప్పగా తిరిగిచ్చారు. మూడో పాటకు నేను నెల జీతం గురించి ఆలోచించడం మానేశాను. గెలిచాను. ఈసారి అయ్యగారు మైకు పట్టుకుని దగ్గరికి వచ్చి సంచి ఒక కొస పట్టుకున్నారు. నేను రెండో కొస పట్టుకున్నాను.

"మళ్ళీ ప్రభువుకే," అన్నారాయన.

"ఇవ్వనండి," అన్నాను.

"ఏమన్నారు తమ్ముడూ?"

"ఇవ్వనండి అయ్యగారూ. మా అన్నకి కావాలండి. ఆడు లేచి కూర్చోవాలండి. వైరు పొట్టిదండి."

మైకు మా ఇద్దరి మధ్యే ఉంది. పందిట్లోని స్పీకరు పెట్టెల్లోంచీ, బయట స్తంభానికి కట్టిన గొట్టంలోంచీ "వైరు పొట్టిదండి" అని వీధి వీధంతా మోగింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తాతగారు పక్కవాళ్ళతో, "దేముడికివ్వనని మైకులో సెప్పినోణ్ణి ఇదే సూడ్డం," అన్నారు. అయ్యగారు నా మొహం చూశారు, సంచి చూశారు. చెయ్యి వదిలి, మైకు పక్కకు తిప్పి, "బేగి పట్టుకెళ్ళు," అన్నారు.

పరుగున ఇంటికొచ్చేసరికి అన్నయ్య మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కాళ్ళు కిందికున్నాయి. గొట్టంలోంచి అంతా విన్నాడట. పడుకుని నవ్వితే పొలమారిందని లేచాడట.

"ఏటిరా, దేముడి సేతిలోంచే లాగీసేవా? ఊరంతా ఇన్నాది."

క్యాసెట్టు ఊది, మెషీనులో దోపి, టీవీ పెట్టాను. చెట్టు మీంచి పళ్ళు పడుతున్నాయి, కింద ఒక బుట్ట అటూ ఇటూ కదులుతోంది. వెనక్కి వెళ్ళి ఇంకో ఆట నొక్కాను. అవే పళ్ళు, అదే బుట్ట. పేర్లు మాత్రం బోలెడు. ట్యాంకులన్న పేరూ ఉంది, నొక్కితే పళ్ళే పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది.

"దీనికోసమేనా అంత పేచీ పెట్టినావు?" అన్నాడు అన్నయ్య. "ఇంతకన్నా సెత్త ఆట ఇంకోటి ఉంటాదేటి? ఇలాగియ్యి." ఎంత చెత్త ఆటో నాకు రుజువు చేయడానికి రిమోటు తీసుకున్నాడు. రుజువు చేస్తూ మధ్యాహ్నం భోజనం మరిచాడు. మర్నాడు కూడా రుజువు చేశాడు.

నన్ను గట్టిగా మందలించాలని తాతగారు వచ్చారు. అన్నయ్య పక్కన కూర్చున్నారు. ఏమిటిది అన్నారు, రెండో రిమోటు పుచ్చుకున్నారు. ఇక చూడాలి. "తాతగారూ, ఎడం పక్కకండీ, ఎడం పక్కకి." "నువ్వాగరా, నాకు కనబడతన్నాది." "కనబడితే పట్టరేటి మరి?" తాతగారు పండు వదిలేసినప్పుడల్లా అన్నయ్య కోపంతో ఎడమకాలు కిందికి తొక్కేవాడు, క్లచ్ తొక్కినట్టు. కళ్ళు మాత్రం టీవీ మీదే. గుమ్మంలో నిలబడి అమ్మా నేనూ ఆ మోకాలినే చూస్తున్నాం. ప్రతి పండుకీ ఇంతింత వంగుతోంది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మాటాడకు, మాటాడకు," అంది. తాతగారు మందలించడం మరిచిపోయి వెళ్ళారు, మర్నాడు మందలించడానికి మళ్ళీ వచ్చారు. అలా చాన్నాళ్ళు వచ్చారు.

కొన్నాళ్ళకు ఆ క్యాసెట్టు చచ్చిపోయింది. అప్పటికి అన్నయ్య కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నాడు. ఇప్పుడు జీపు తోలుతున్నాడు, ఘాటీ ఎక్కేటప్పుడు ఎడమకాలు కాస్త నొప్పంటాడు. తాతగారు ప్రభువునందు నిద్రించారు.

మొన్నటి కోత పండుగలో వేలం పాడించింది నేనే. కొత్తగా పెళ్ళయిన ఒక చెల్లి కుక్కరు గెలిచి, దాన్ని రెండు చేతులా గుండెలకు హత్తుకుని, అందరి మొహాలూ భయంగా చూసింది. నేను మైకు వీపు వెనక పెట్టుకుని, "ఇంటికేనామ్మా?" అని అడిగాను. తల ఊపింది. "బేగి పట్టుకెళ్ళు," అన్నాను. వెనక ఎవరో గొణిగారు. నాకు మాత్రం ఒక బొమ్మల సంచిని పట్టుకుని, మైకులో వైరు పొడుగు గురించి సాక్ష్యం చెబుతున్న ఒక పిచ్చి కుర్రాడు కనిపించి నవ్వొచ్చింది. ఇప్పుడు నాకు మర్యాద బాగా తెలుసు. అంత గట్టిగా దేన్నయినా పట్టుకుని చాలా కాలమైంది.

చదివిన మీరు కూడా ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో ఏకీభవించండి. ప్రభువా, మంచాన పడి గోడవైపు తిరిగిన ప్రతి ఒక్కరికీ లేచి కూర్చునే సాకు ఒకటి పంపించు. అది ఎంత చెత్త ఆటైనా ఫరవాలేదు. ఎక్కడుందో మాత్రం దయచేసి మాకు కాస్త ముందుగా చెప్పు. ఆమేన్.