బాలింత పథ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం తెల్లగా, మెతుకు మెతుకు విడివిడిగా ఉండాలని నానమ్మ పట్టుదల. నరసాపురం దగ్గర కాలువగట్టు ఊరు మాది. రైసుమిల్లు వచ్చాక ఊళ్లో దంపుడు మానేశారు. మరాడించిన బియ్యాన్ని నానమ్మ నీళ్లు తేటపడేదాకా కడిగేది. అన్నం ఉడికాక గంజి వార్చేసేది. తవుడు, కడుగు, గంజి అన్నీ గేదె కుడితిలోకి పోయేవి.

మా బాబాయి భార్యని నేను పిన్ని అనేదాన్ని. ఆవిడకి తల్లి లేదు. అందుకని పురుళ్లన్నీ మా ఇంట్లోనే, నానమ్మ చేతుల మీదే జరిగేవి. పథ్యం విషయంలో నానమ్మ చాలా గట్టి మనిషి. బాలింతకి నెలల తరబడి పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాస్త నెయ్యి. పప్పు వాతమనీ, ఆకుకూర పసిబిడ్డకి పడదనీ దగ్గరికి రానిచ్చేది కాదు. అదంతా ప్రేమే. తనకి అత్తగారు చేసిందే తను కోడలికి చేసింది.

పిన్నికి మొదటి ఇద్దరు మగపిల్లలూ బొద్దుగానే పుట్టి, మూడో నెల దాటకుండా పోయారు. బాలగ్రహం అన్నారందరూ. మూడోసారి పుట్టిన ఆడపిల్లకి ముందే తాయెత్తు కట్టారు.

ఒక ఉదయం ఉయ్యాల ఊపుతూ పాపని చూశాను. నోరంతా తెరిచి, ముఖం కందిపోయేలా ఏడుస్తోంది. గొంతు మాత్రం రావడం లేదు. భయమేసి నానమ్మని పిలిచాను. ఆవిడ వచ్చి ఉయ్యాలలోకి వంగి చూసింది.

"వాళ్లిద్దరూ ఇలాగే ఏడ్చారే అమ్మా," అంది.

పిన్ని ఎన్నడూ అత్తగారికి ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు పాపని గుండెలకి అదుముకుని గుమ్మం దాటేసింది. "తాయెత్తులు చాలండి అత్తయ్యగారూ. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తాను," అంది. నానమ్మ వెనకే నడిచింది. నేనూ వెంటపడ్డాను.

నరసాపురంలో డాక్టరు గారు పాపకి ఇంజక్షన్ ఇచ్చారు. తర్వాత పిన్ని పిక్క నొక్కి చూస్తే ఆవిడ కెవ్వుమంది. "పాదాలు తిమ్మిరెక్కుతున్నాయా అమ్మా? ఏం తింటున్నావు?" అని అడిగారు. నానమ్మే అంతా చెప్పింది.

"బియ్యంలో ఉండే బి విటమిన్ తవుడుతో, కడుగుతో పోతోందండి. పప్పూ కూరా కూడా లేకపోతే తల్లికెక్కడిది? తల్లికి లేనిది పాలల్లోకి ఎలా వస్తుందండి? అది లేకే పాప గొంతు పోయింది, ఇంజక్షన్‌లో ఇచ్చింది అదే." అన్నారాయన, నెమ్మదిగా.

నానమ్మ అక్కడున్న బల్ల మీద కూలబడి ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూసింది అప్పుడే. సాయంత్రానికి పాప గొంతు పెగిలింది. ముందు పిల్లికూనలా బొంగురుగా, తర్వాత ఆసుపత్రంతా వినబడేలా ఏడ్చింది. పిన్ని వెంటనే పాలివ్వలేదు. కాసేపు ఆ ఏడుపు వింటూ కూర్చుంది.

మర్నాడు ఇంటికొచ్చాక నానమ్మ పిన్నికి పీట వేసి, ముద్దపప్పు, తోటకూర, చేపల పులుసు వడ్డించింది. చూడవచ్చిన పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. "బాలింతకి ఇవన్నీ పెడతారాండీ?"

"పెట్టక ఇద్దర్ని పోగొట్టుకున్నానండి. ఇంకెవరి ఇంట్లోనూ అలా జరక్కూడదు," అంది నానమ్మ. ఆ తర్వాత ఊళ్లో ఎవరు పురుడు పోసుకున్నా వెళ్లి తన కథ తనే చెప్పేది. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. నవ్విన వాళ్లింటికి మళ్లీ వెళ్లేది.

పాప బతికింది. ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటోంది. పిన్ని పాదాలకి మాత్రం పూర్తి స్పర్శ ఎప్పటికీ రాలేదు. ముసలితనంలో కూడా కాలి చెప్పు జారిపోతే ఎవరో ఒకరు చెప్పాల్సివచ్చేది. పోయినవాళ్లిద్దరి ప్రస్తావన నానమ్మా, పిన్నీ ఒకరి దగ్గర ఒకరు తేగా నేను వినలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. పసిబిడ్డని చూడ్డానికి ఎవరింటికి వెళ్లినా అందరూ ఉయ్యాల చుట్టూ చేరతారు. నేను ముందు తల్లి మంచం దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. "ఇవాళ ఏం తిన్నావమ్మా?" అని అడిగి, ఆ పిల్ల చెప్పేదంతా విన్నాకే బిడ్డని ఎత్తుకుంటాను.