కాగిన కాయిల్

ఈ మధ్యాహ్నం మిక్సీలో పచ్చడి రుబ్బుతుంటే మోటారు నుంచి కాలిన వార్నిష్ వాసన వచ్చింది. దాని వెంటే సారపాకలో షమీమ్ ఆపా స్పీకర్ల దుకాణం, గాలాడని వెనకగది, నిద్రపోయే మనిషి రొమ్ములా మెల్లగా ఆడే స్పీకర్ నల్లటి కోన్ కళ్లముందు తేలాయి. అక్కడ నేను మంద్రం మోగించే సబ్‌వూఫర్ పెడితే గోదావరి అవతల భద్రాచలంలో కిటికీలు వణికేవి.

సరే, కిటికీలు కావు. పక్క హోటల్లో స్టీలు గ్లాసులు. అవీ ఖాళీగా ఉంటేనే.

కాగితం మిల్లులో కాంట్రాక్టు పని పోయాక నన్ను చేర్చుకున్నది ఆపాయే. ఒకరోజు ముత్తయ్య అనే ఆయన పాత సబ్‌వూఫర్ మోసుకొచ్చాడు. ఆయనది చర్ల దగ్గరి అడవి ఊరు; యంత్రాల మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. చనిపోయిన తమ్ముడు వాయించిన డోలు ఆయన ఫోనులో ఉంది. "చెవులకు వద్దు ఆపా, రొమ్ముకు తగిలితే చాలు" అన్నాడు. ఆపా తన దగ్గర మిగిలిన ఆఖరి రాగితీగతో కోన్‌ను ఆడించే కాయిల్ చుట్టింది. అది మాడితే ఇంకోటి లేదు.

ఇచ్చేముందు పరీక్ష: ఒకటే మంద్రమైన మోత, ఆపకుండా. ఎండాకాలం. మోత నేలలోంచి పాదాల్లోకి, అక్కణ్ణించి కలలోకి పాకుతున్నట్టుంది. కాసేపటికి పలచబడింది. సౌండ్ నాబు తిప్పి పెంచాను. మళ్లీ పలచబడింది. మళ్లీ పెంచాను.

"ఏంది రాజన్నా, గట్ల తిప్పుతున్నవ్?"

"సౌండ్ తగ్గుతుంది ఆపా."

"తగ్గుతది మరి. కాయిల్ కాగింది. కాగినంక నువ్వెంత పెంచినా పలకదు, మాడుతది. ఆపు జల్దీ!"

నా చెయ్యి ఠక్కున ఆగింది. చల్లారాక ఆపా, అక్కడే కూర్చున్న తన కూతురు రెహానా గోళ్లరంగు తీసి నాబు పక్కన ఎర్రగీత పెట్టింది. "ఆయన వినలేడు గదా, చూసి ఆగుతడు."

ముత్తయ్య డబ్బాను కౌగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. డోలు మొదలైంది. "వాడే," అన్నాడు, "ఎడమచెయ్యి జర ఆలస్యం."

ఆపా ఇప్పుడు లేదు. ఎదుటివాళ్ల గొంతు పలచబడితే నా గొంతు పెంచకుండా కాసేపు ఊరుకోవడం మాత్రం ఆ గదిలోనే అబ్బింది.

ఇదంతా రాసి రెహానాకు ఫోనులో చదివి వినిపించాను. సమయానికి నా చెయ్యి ఆగబట్టే ఆ డోలు దక్కిందని గొప్పగా ముగించాను.

"నీ చెయ్యేడ ఆగింది చాచా? అమ్మీ ప్లగ్గు పీకింది. నువ్వింకా తిప్పుతనే ఉంటివి."