రాయచోటి గేములత్త

పోయిన నెల ఒక ఉదయం కడపలో నేను కాలేజీకి బయల్దేరుతుంటే రాయచోటి నుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది పాపా," అన్నాడు. అత్త అంటే మా నాన్నకు, చిన్నాన్నకు అక్క. డెబ్భై రెండేళ్లు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు అలాగే ఒరిగిపోయిందట.

నేను చేరేసరికి వీధిలో నిలబడే చోటు లేదు. మాకు అంతమంది బంధువులు లేరు. మదనపల్లె నుంచి ఒక పళ్ల డాక్టరు, డోన్ నుంచి ఒక రైల్వే ఉద్యోగి, ఎవరెవరో వచ్చారు. "మీకు ఏమవుతుందండీ?" అని డాక్టరును అడిగితే, "మా గేములత్తమ్మా," అన్నాడు, అంతకన్నా దగ్గరి చుట్టరికం ఉండదన్నట్టు.

అత్త భర్త, మా మామ, కువైట్‌లో డ్రైవరు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు అందరూ బంగారమో సెంటో తెస్తే, ఆయన టీవీకి తగిలించి ఆడే వీడియోగేమ్ తెచ్చాడు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ రెండు నెలలూ చాప మీద కూర్చుని ఇద్దరే పోటీపడి ఆడేవారట. ఆ తర్వాత సెలవుకొక పెట్టె వచ్చింది. ఐదో పెట్టెతో వచ్చిన సంవత్సరం మామ జబ్బుపడి పోయాడు.

ఏడాది తిరక్కుండానే వాటిలో రెండు పనిచేయడం మానేశాయి. అత్త వాటిని సంచిలో వేసుకుని బజారులో రేడియోలు బాగుచేసే సాయిబు దగ్గరికి పోయింది. బాగుచేసి ఇమ్మని కాదు, నేర్పించమని. ఆయన నవ్వి, "ఆడోళ్లకు ఈ టంకం పొగ యాల తల్లీ?" అన్నాడట. "వంటింట్లో పొగ ల్యాదా అన్నా?" అంది అత్త. రెండేళ్లు రోజూ మధ్యాహ్నం ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని టంకం పెట్టడం నేర్చుకుంది.

ఆ తర్వాత ఎక్కడ పాత గేమ్ ఉందని తెలిసినా బస్సెక్కేది. మూసేస్తున్న ఫ్యాన్సీ షాపులు, పాత సామాన్ల కొట్లు, ఎవరెవరి ఇళ్లలోనో అటకలు. ఐదు పెట్టెలు కాస్తా అరవై దాటాయి. క్యాసెట్లకూ, వైర్లకూ, చేతిలో పట్టుకునే రిమోట్లకూ ఒక గది చాల్లేదు. ప్రతి పెట్టెకూ ఒక అట్టముక్క కట్టి, దాని మీద తన గుండ్రటి అక్షరాలతో రాసేది: ఇది ఏ ఊరిది, దీంతో ఎవరెవరు ఆడారు, ఎవరు బాగా గెలిచేవారు. ఏదీ అద్దాల బీరువాలో పెట్టలేదు. "ఆడేదాన్ని ఆడకుండా పెడితే అది చచ్చిపోతాది," అనేది. వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆడించేది. క్యాసెట్టు పనిచేయకపోతే మనమందరం చేసే పని ఎవరైనా చేయబోతే మాత్రం గదమాయించేది: "ఊదద్దప్పా! నోటి తడికి లోపల చిలుము పడతాది." దూదికి స్పిరిట్ అద్ది, చంటిబిడ్డ చెవి తుడిచినట్టు తుడిచేది.

పెళ్లిళ్లలో మా వాళ్లు చాటుగా నవ్వుకునేవారు, ఆ వయసులో బొమ్మలాటలేమిటని. నేను కూడా ఆమెను దాచిపెట్టినదాన్నే. ఇది చెప్పకపోతే ఆమె గురించి రాసే అర్హత నాకు లేదు.

ఎనిమిదేళ్ల కిందట మా కాలేజీ కంప్యూటర్ విభాగం వాళ్లు ఆమె సంగతి ఎక్కడో విని ప్రదర్శనకు పిలిచారు. అదే కాలేజీలో పాఠం చెబుతున్న నేను, ఆమె నాకు అత్త అని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు జీపు నిండా పెట్టెలతో దిగింది. ఎదురుగా నిలబడ్డ నన్ను చూసింది. ఒక్క క్షణం ఆగి, "నమస్తే మేడం," అని లోపలికి పోయింది. నా మొహంలో ఆమె ఏం చదివిందో నాకు తెలుసు.

తుపాకీతో బాతుల్ని కాల్చే ఆట మొదలైంది. ఎంత గురిపెట్టినా ఒక్క బాతూ పడలేదు. వెనక నుంచి ఎవరో నవ్వారు. "లావు టీవీ కావాలని చెప్పినాను గదప్పా," అంది అత్త. వాళ్లు పెద్ద టీవీ అనుకుని గోడంత కొత్త టీవీ తెచ్చిపెట్టారు. "ఈ తుపాకీకి పాత టీవీ వెలుగే కనపడతాది. దీనిది కనపడదు. తప్పు తుపాకీది కాదు." అని, చీర కొంగు దోపుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో ఒక డబ్బా టీవీ ఉండటం వచ్చేటప్పుడే చూసిందట.

అంత బరువు ఆమె ఒక్కతే ఎత్తబోతుంటే నేను పరిగెత్తి రెండో వైపు పట్టుకున్నాను.

"చీర నలుగుతాది మేడం, వదిలెయ్."

"మేడం అనొద్దత్తా," అన్నాను.

"మెట్లుండాయి, చూసి నడువు పాపా," అంది.

టీవీ పెట్టి, చానల్ తిప్పి, తుపాకీ ఎత్తి కాల్చింది. బాతు పడింది. హాలు మొత్తం అరిచింది. సాయంత్రం దాకా వరస తగ్గలేదు. మా ప్రిన్సిపాల్ కూడా వరసలో నిలబడ్డారు. "ఈమె మీకు తెలుసా మేడం?" అని ఒక విద్యార్థిని అడిగింది. "మా మేనత్త," అన్నాను. ఆ పిల్ల ఒక్కతే అడిగినా హాలంతా వినేలా చెప్పాను. ఇప్పటికీ అలాగే చెబుతాను.

నేను ఆమెను చివరిసారి చూసింది వేసవి మొదట్లో. అరుగు మీద నీడ ఉంది. ఎదురింటి ముసలవ్వ చేతిలో రిమోట్, కిటికీలోంచి కనిపిస్తున్న టీవీలో కారు పందెం. మలుపు వచ్చినప్పుడల్లా అవ్వ కారుతో పాటు తానూ పక్కకు వంగిపోతోంది. "బ్రేకు వెయ్యొద్దు పెద్దమ్మా, పోనీ, పోనీ!" అంటోంది అత్త. పెద్ద మలుపొకటి వచ్చింది. అవ్వ కుడికి వంగింది. పక్కన కూర్చున్న అత్త, చేతిలో ఏమీ లేకపోయినా, ఆమెతో పాటే కుడికి వంగింది.