రెండు కార్లు, ఒక పందెం బండ

ఆ రోజుల్లో మా వైపు ప్రమాదం ముందుగా కబురు పెట్టి వచ్చేది కాదు. ఎర్రదుమ్ము లేపుకుంటూ వచ్చేది, దుమ్ము అణిగేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉండేది. ఆ ఒక్కసారి మాత్రం నాకు కాస్త ముందే తెలిసింది. మా చిన్నాయన ఎద్దుల కొట్టంలోకి వెళ్ళి, బండలాగుడు పందేలకు వాడే ఇనుప గొలుసు భుజాన వేసుకుని బయటికొచ్చి, వాకిట్లో నిలబెట్టిన రెండు స్పోర్ట్స్ కార్ల వెనక భాగాలను తల వంచి తీరిగ్గా పరిశీలించిన క్షణం అది. సంతలో ఎద్దును చూసే చూపే.

అది గనుల కాలం. కప్పగల్లు ఊరి పక్కన శనక్కాయలు పండించుకునే మా ఇంట్లోకి, చిన్నాయన లారీలు ఖనిజం తోలడం మొదలుపెట్టాక, ఎవరూ అడగని వస్తువులన్నీ వచ్చి పడ్డాయి. పొద్దున తొడిగిన తెల్లచొక్కా మధ్యాహ్నానికి ఇటుక రంగుకు తిరిగేది (అన్నంలో కూడా ఇనుము కలుస్తోంది కాబట్టి మా ఇంట్లో ఎవరికీ రక్తం తగ్గదని మా అవ్వ నమ్మకం). తోటి లారీ యజమాని ఒకాయన విదేశీ కారు కొన్నాడని తెలిసిన నాటినుంచి చిన్నాయనకు నిద్ర లేదు. చివరికి బెంగళూరు నుంచి ఒక బ్రోకరు (మనిషికంటే ముందు అతని సెంటు వాసన చేరేది) రెండు పాత స్పోర్ట్స్ కార్లను లారీ మీద ఎక్కించుకుని తెచ్చాడు. ఎర్రదానికి టర్బో ఉంది, పసుపుదానికి లేదు. రెండూ నేలకు జానెడు ఎత్తున, మా మేకలు పైనుంచి కిందికి చూసేంత పొట్టిగా ఉన్నాయి.

నా సంగతి వేరు. అప్పుడే ఫిజిక్స్ డిగ్రీ ముగించాను. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, వచ్చే సోమవారం చేరాలి. పోతానని నాయనను అడిగితే చిన్నాయనను అడగమన్నాడు. చిన్నాయనను అడిగితే ఆయన కార్ల వైపు చూపించాడు.

"ముందు ఈ రెండిట్లో యాది మంచిదో చెప్పు పాపా. అంత చదివినావు గదా. నీ ఉద్యోగం సంగతి ఆమీద మాట్లాడుకుందాం."

మూడేళ్ళ చదువులో నాకు కాంతి నీళ్ళలో ఎందుకు వంగుతుందో చెప్పారు గానీ కారు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అయినా బెంగళూరు పోవాలి. బ్రోకరు దగ్గర రంగుల కాగితాలు తీసుకుని సాయంత్రమంతా చదివి, మర్నాడు అరుగు మీద ఉపన్యాసం ఇచ్చాను. టర్బో అంటే ఊదుగొట్టం లాంటిది, బండి వదిలే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పి ఇంజనులోకి గాలి కుక్కుతుంది, అందుకే దమ్మెక్కువ, కాకపోతే ఆ దమ్ము కాస్త ఆలస్యంగా వస్తుంది. రెండోది ఎవరూ ఊదకుండా తనంత తానే గాలి పీల్చుకుంటుంది, తొక్కిన వెంటనే కదులుతుంది. ఊదుగొట్టం లేకుండానే మండే పొయ్యి ఉంటే ఇంక ఊదేదెందుకని అవ్వ అడిగింది. కంపెనీల వాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేని విషయం అది.

చిన్నాయనకు మాత్రం నాకంటే బాగా అర్థమైంది. ఎర్రది కొరడా తగిలాక నిలబడి ఆలోచించి, తర్వాత పిచ్చిపట్టినట్టు పరిగెత్తే ఎద్దు. పసుపుది మొదటి అడుగునుంచే మెడ వంచే ఎద్దు. పసుపుదే మేలని నేను తీర్పు చెప్పేశాను. నోటి మాటకు ఎద్దును ఎవడు కొంటాడు అన్నాడాయన. గొలుసు బయటికొచ్చింది అప్పుడే.

చేలో పందెం బండ ఉంది. దాన్ని చూడగానే బ్రోకరుకు తెలుగూ కన్నడమూ కలగలిసిపోయాయి. "సార్, ఇది కారు సార్. ఎత్తు అల్ల సార్, ఎద్దు కాదు."

"మూడు నూర్ల గుర్రాల బలమని నువ్వే అంటివి గదప్పా," అన్నాడు చిన్నాయన నెమ్మదిగా. "అన్ని గుర్రాలుండి ఒక్క బండ లాగల్యాకపోతే, దుడ్డు యాటికి ఈయాల?"

నిజమే, కాగితంలో గుర్రాలే రాసి ఉన్నాయి. ఆ కార్ల వెనక బంపరు పలచటి ప్లాస్టిక్కనీ, దానిలోపలి పట్టీ ఇలాంటి పనులకు కాదనీ కూడా అదే కాగితంలో చదివాను. చిన్నాయన ముందు పసుపుదాని పట్టీకే గొలుసు కట్టి నా వైపు తిరిగాడు.

"ఏం పాపా, గొలుసు తెగుతాదా?"

ఆ గొలుసు రెండు జతల ఎద్దులు లాగినా తెగనిది. సోమవారం ఇంకా మూడు రోజులే ఉంది.

"గొలుసు తెగదు చిన్నాయనా," అన్నాను. (అబద్ధం కాదు. దేవుడి ముందు నిలబెట్టినా అదే చెప్తాను.)

పసుపుది బుద్ధిమంతురాలు. మూలిగింది, కాలిన వాసన కొట్టింది, బండను రెండు మూరలు జరిపి ఆగిపోయింది. చిన్నాయన దిగి దాని బానెట్టు నిమిరాడు. తర్వాత గొలుసు ఎర్రదానికి మార్చి, దాన్లో కూర్చున్నాడు. తొక్కాడు. ఏమీ లేదు. ఇంకా తొక్కాడు. ఒక సన్నటి ఈల వినిపించింది, అంతే, దానికి ఎక్కడినుంచో ఊపిరి వచ్చింది. గొలుసు బండ దగ్గరే ఉంది. గొలుసుకు బంపరూ ఉంది. కారు మాత్రం మా గడ్డివామిలో ఉంది.

నాకు ఉద్యోగం గుర్తుకు రాలేదు; చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకుని సిరుగుప్ప జాతరకు తీసుకెళ్ళిన మనిషి గుర్తొచ్చాడు. పరిగెత్తాను. గడ్డి కదిలింది. తలనిండా గడ్డితో బయటికొచ్చిన చిన్నాయన మొదట కారును చూశాడు, తర్వాత బంపరును, ఆ తర్వాత నన్ను.

"నువ్వు చెప్పినట్లే అయింది పాపా. దీనికి ఊపిరి ఆలిస్యంగా వస్తాది," అన్నాడు. "పో, బెంగళూరు పో. నీ చదువు మంచిదే."

విరిచినవాడే కొనాలన్నది సంతలో నీతి. అందువల్ల మంచిదని తేలిన పసుపుది లారీ ఎక్కి వెళ్ళిపోయింది, ఎర్రది మాకు మిగిలింది. గనులు ఆగాక అందులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. అవ్వ వాటిని ఫారిన్ గుడ్లనేది.

ఇప్పుడు పాల పాకెట్టుకు వెళ్ళినా పిల్లలకు బెల్టు బిగించి, రెండుసార్లు లాగి చూసే తల్లిని నేను. మా ఆయన కొత్త కారు కొంటానంటున్నాడు, టర్బో కావాలంటున్నాడు. రాత్రి భోజనాల దగ్గర పిల్లలిద్దరూ ఆయన పక్షమే ఓటు వేశారు. వాళ్ళు నిద్రపోయారు, నాకు పట్టలేదు, అందుకే ఇది రాయడం మొదలుపెట్టాను. బంపరు గురించి ఆ కాగితంలో చదివిన సంగతి చిన్నాయనకు నేను నేటికీ చెప్పలేదు. ఆ రోజు గడ్డి దులుపుకుంటూ ఆయన నా తలమీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బరువు ఇంకా అలాగే ఉంది.

తెల్లారి బడికి కారెక్కాక మా అమ్మాయి, ఏ కారు మంచిదో నువ్వే చెప్పు, నువ్వు ఫిజిక్సు కదా అంది. ఏదైనా కొనుక్కోండి అన్నాను. "కానీ బాగా చదువుకున్నవాళ్ళు ఎవరైనా మీతో గొలుసు తెగదని చెప్తే, మరేం తెగుతుందో కూడా అడగండి."

"నువ్వు చెప్పినా అడగాలా?" అన్నాడు చిన్నవాడు.

"నన్నయితే రెండుసార్లు అడుగు," అని వాడి బెల్టు లాగి చూశాను.