చేను చివర ఎర్ర తువ్వాలు

డ్రోనుతో మందు కొట్టడం నేర్చుకుని ఈపూరు వచ్చిన కొత్తలో నాకు కాస్త పొగరుండేది. ట్రైనింగులో ఒకటే నూరిపోశారు. ఎగరేసే ముందు చేను చుట్టూ తిరుగు, ప్రమాదం ఎక్కడుందో రాసుకో. అది జరిగే అవకాశమెంత, జరిగితే నష్టమెంత, రెండిటికీ ఐదుకి మార్కులేసి హెచ్చవెయ్యి. ఎక్కువొస్తే ఎగరెయ్యకు.

ఆ కాగితంలో నేను ఎర్రసిరాతో రాసిన మొదటి ప్రమాదం మా నాన్న.

మా మిరప చేలో డ్రోను లేపగానే ఆయన పోయి అవతలి గట్టు మీద నిలబడి ఎర్ర తువ్వాలు ఊపేవాడు. వీపున డబ్బా తగిలించుకుని మందు కొట్టే రోజుల్లో సాలు చివర ఒక మనిషి అలా నిలబడి గుర్తు చూపేవాడు. ఆ అలవాటు పోలేదనుకున్నాను.

"మ్యాపులో హద్దులు గీశాను నాన్నా, అదే తిరుక్కుంటది. నువ్వు ఇవతలికి రా."

"ఆఁ, వస్తాలే," అనేవాడు. కదిలితే ఒట్టు.

అవకాశం ఐదు, నష్టం ఐదు. అయినా ఎగరేశాను. మూడోరోజు మందు తుంపర ఆయన మొహం మీద పడనే పడింది. డ్రోను దించేసి పరిగెత్తాను. నీళ్లతో కళ్లు కడుగుతూ నోటికొచ్చినట్టు తిట్టాను. రేపట్నించి చేలోకి రావద్దన్నాను.

ఆయన మొహం తుడుచుకుని, "నేను రాకపోతే దీన్ని చూపిచ్చేదెవరే నీకు?" అని చెయ్యి చాచాడు.

పక్క చేలో కరెంటు స్తంభాన్ని నేలకి లాగిపట్టిన స్టే వైరు. తుప్పుపట్టి, తుమ్మ కొమ్మల్లో కలిసిపోయి, మా గట్టు మీదికే దిగింది. నేను స్తంభం రాసుకున్నాను. వైరు చూడలేదు.

"మరి చెప్పొచ్చుగా!"

"అంత చదువుకుని ఇది చూళ్ళేదా అంటే చిన్నబుచ్చుకుంటావని. వైరు నీ కంటికి ఆనకపోయినా నేను ఆనతాగా, నన్ను చూసన్నా ఇవతలే తిప్పుతావని."

నాకు ఏడుపు ఆగలేదు. మ్యాపులో హద్దు ఇవతలికి జరిపి, వైరుకి కాస్త ఎడంగా కర్ర పాతి, ఆయన తువ్వాలు దానికి కట్టాను. కాగితంలో నాన్నని కొట్టేసి వైరు అని రాశాను.

మర్నాడు ఆయన నా పక్కనే నిలబడ్డాడు, వట్టి భుజం తడుముకుంటూ. డ్రోను ఆ చివరికి పోతుంటే ఆయన చెయ్యి దానంతటదే లేచి గాల్లో ఊగింది. నా రెండు చేతులూ రిమోట్ మీద ఉన్నాయి గానీ, లేకపోతే ఆ చెయ్యి పట్టుకునేదాన్ని.