గోగు గుంట నీళ్లు తాగిన షీటు

ప్లాస్టిక్‌ను మట్టిలో కలిపేసే మందు కనిపెట్టిన పరిశోధకుల్లో నేనూ ఒకణ్ణి. చీపురుపల్లి స్టేషను దగ్గర టీకొట్టులో ఈ మాట చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లు టీ ఇప్పించారు. రాసేటప్పుడు మాత్రం కాస్త దిగిరావాలి కదా. యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్లు ముగ్గురు, ఒక మేడమ్, ఇద్దరు విద్యార్థులు. వాళ్లకు పొలం దారి చూపించడం, టిఫిన్ డబ్బాలకు చీమలు పట్టకుండా కొమ్మకు వేలాడదీయడం నా పరిశోధన. నారమిల్లులో స్టోరు గుమస్తాగా రిటైరైనవాణ్ణి, నాకు వేరే పనేముంది.

పొలం మా బావది. బావంటే మా ఆవిడ అన్నయ్య. ముందటేడు అందరిలాగే అతనూ వంగతోటలో మొక్కల మొదళ్ల చుట్టూ మామూలు ప్లాస్టిక్ మల్చింగ్ షీటు పరిచాడు. కలుపు రాలేదు, తేమ నిలిచింది, కాపు బాగుంది. పంటయ్యాక షీటు లాగేస్తే సగం చేతికొచ్చింది, సగం పేలికలై గట్టు మీది గడ్డిలో చిక్కుకుంది. గడ్డితో పాటు ఆ పేలికల్నీ అతని గేదె తిన్నది. నెమరు ఆగింది, డొక్క ఉబ్బింది, పడుకున్నది మళ్లీ లేవలేదు. పశువుల డాక్టరు కోసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. బస్తాడు ప్లాస్టిక్ బయటపడిందని ఊరంతా చెప్పాను. బస్తాడు కాదు, దోసెడుంటుందేమో. కానీ తాడులా పేనుకుపోయి ఉంది. నీళ్లు పోసి కడిగితే కొత్తదానిలా మెరిసింది. ఆ మెరుపును బావ చాలాసేపు చూశాడు.

ఆ తర్వాత కొన్నది సూడి గేదె. దాన్ని పశువుల శాల దాటి బయటకు వదిలేవాడు కాదు.

అందుకే మేడమ్ వచ్చి, మా షీటు పొలంలో పేలిక కూడా మిగలనివ్వదని చెప్పగానే ఒప్పుకున్నాడు. అన్నం ఎక్కువసేపు నమిలితే నోట్లో తియ్యగా అవుతుంది కదా, ఉమ్మిలో ఉండే ఎంజైమ్ చేసే పని అది, అలాంటి ఎంజైమే ఈ షీటును కూడా ముక్కలు చేస్తుంది, మిగిలిన పని మట్టి చూసుకుంటుంది అని ఆమె వివరించింది. పంట అయిపోయాకే ఆ మందు చల్లుతారు. అందాకా షీటు గట్టిగా ఉండాలి. ఒక్కటే షరతు పెట్టింది, బోదెల్లో నీళ్లు తప్ప ఇంకేమీ పొయ్యకూడదని. బావ సరేనన్నాడు, నేను కూడా పెద్దమనిషిలా తలూపాను.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బోరు దగ్గుతూ దగ్గుతూ పోస్తోంది. పొలం పక్కనే గోగు ఊరేసిన గుంట ఉంది. గోగు కట్టలను రాళ్లతో, బురదతో తొక్కిపెట్టి అందులో ముంచుతారు. నార చుట్టూ ఉన్న జిగురును నీళ్లలో ఏదో తినేస్తుంది, అప్పుడు నార కాడ నుంచి ఊడి వస్తుంది. ఎక్కువ రోజులుంచితే ఆ తినేది జిగురుతో ఆగదు, నారనూ తింటుంది. ఆ నీళ్లు నల్లటి డికాషన్‌లా ఉంటాయి, కంపు కొడతాయి. వంగకు బలమని మా వైపు పోస్తారు. అవి నీళ్లు కావని ఎవరూ అనుకోరు. బావ గుంటలో ఇంజను పెట్టాడు. పైపు రెండో చివర నేను పట్టుకున్నాను.

మొదట షీటు నిగనిగ తగ్గింది. తర్వాత సూది గుచ్చినట్టు చిన్న చిన్న చిల్లులు. వేలు పెట్టి నొక్కితే తడిసిన అప్పడంలా లోపలికి దిగిపోయింది. పిందెలు ఇంకా చిటికెన వేలంత కూడా లేవు. బోదె మీద గాలి వీచినప్పుడల్లా గుసగుసమని చప్పుడు.

నేను ఊరుకుంటానా. పొలంలోంచి ప్లాస్టిక్ తినేదేదో బయల్దేరింది, షీటు అయిపోయాక కుర్చీలు, ఆ తర్వాత మేడ మీది నీళ్ల ట్యాంకులు అని రచ్చబండ దగ్గర చెప్పాను. ఊరు ఊరంతా ప్లాస్టిక్ సామాను ఇంట్లోకి మోసుకుందని కూడా రాద్దామనుకున్నాను. నిజానికి ఒక ముసలమ్మ తన బకెట్టు లోపల పెట్టుకుంది, అంతే. అయితే ఆ సాయంత్రం ఇంటికెళ్లి, ఎవరూ చూడకుండా మా నీళ్ల డ్రమ్మును బొటనవేలితో నొక్కి చూసుకున్నాను.

తూర్పుగాలి తిరిగింది. పేలికలు మళ్లీ గట్టెక్కాయి. గేదెను కట్టేసే ఉంచాడు బావ. కానీ గడ్డి అతనే కోసి తెచ్చి వేశాడు, ఆ గట్టు మీదదే, వానల్లేని ఏడు పచ్చిక ఇంకెక్కడుంది. మధ్యాహ్నానికి గేదె దవడ ఆగిపోయింది.

బావ శాల ముందు గొంతుక్కూర్చున్నాడు. డాక్టరు వచ్చి మందు పట్టించి, చూద్దాం అని వెళ్లాడు. కబురందుకుని మర్నాడు పొద్దున్నే మేడమ్ విద్యార్థులతో దిగింది. బావ లేవలేదు.

"మేడమ్ గోరూ, పొలంలో కరుగుతాదన్నారు. కడుపులో కరుగుతాదా?"

"కరగాలి. కానీ కడుపులో ఏమవుతుందో మేము ఇంకా చూడలేదండీ."

"సూడనేదా. అయితే కూకోండి. ఇప్పుడు సూద్దురు గాని."

ఆమె నిజంగానే గడ్డిమోపు మీద కూర్చుంది. కాసేపటికి, షీటు ఇంత తొందరగా ఎందుకు పోయిందో అర్థం కావట్లేదు, ఏం పోశారు అని అడిగింది.

"నీల్లే."

"ఏ నీళ్లు?"

"గోగు గుంటలోవి. ఇంకేటుంటాయి?"

ఆమె కళ్లు వెలిగాయి. నేను చూశాను. వాళ్ల ల్యాబులో మందు నెలల తరబడి చేసే పని మా మురుగు గుంట వారాల్లో చేసేసింది, ఆ వెలుగు దానిది. బావా చూశాడు.

"నా గేది నెమరెయ్యట్లేదు. నీకు సంతోసమేటమ్మా?"

ఆమె తల దించుకుంది. గుంట వైపు లేవబోయిన విద్యార్థులను చేత్తోనే ఆపి, ఆ రోజంతా అక్కడే ఉంది.

మరుసటి రోజు గేదె ఒక్కసారి అరిచి, తాడు తెంచుకుని పరిగెత్తిందని టీకొట్టులో చెబుతుంటాను. అలాంటిదేమీ జరగలేదు. దవడ ఒకసారి పక్కకు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. బావ పేడను జల్లెడలో వేసి కడిగితే ముక్కలు దొరికాయి, అంచులు ముడుచుకుని, పల్చగా, మెత్తగా. విద్యార్థులు వాటిని సీసాలో వేసుకున్నారు. షీటు మెత్తబడి ఉండబట్టి బతికిందో, డాక్టరు మందుకు బతికిందో, అసలు దాని జబ్బే వేరో, ఎవరూ తేల్చి చెప్పలేదు.

వాళ్లు గుంట నీళ్లు క్యాన్లలో నింపుకుని వెళ్లారు. వాటి మీద ఇంకా పని నడుస్తోందని తర్వాత కబురొచ్చింది. గేదె ఈనింది. పెయ్య బాగానే ఉంది.

బావ మాత్రం దుక్కి దున్నినప్పుడల్లా ఆ మట్టిని జల్లెడ పట్టేవాడు. మొదట గోరంత ముక్కలు వచ్చాయి, తర్వాత పెసరబద్దంత, ఆ తర్వాత ఆవగింజంత. ఒక దుక్కిలో ఏమీ రాలేదు. పోయింది బావా, ఇక చాలు అన్నాను.

అతను మట్టిని వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు.

"పోనాదో, మనకి కనపడ్డం మానీసిందో. నువ్వు సెప్పగలవేటి?"

ఎప్పుడూ ఒకటికి పది కలిపేవాణ్ణి, ఆ రోజు మాత్రం జల్లెడ అందుకుని ఇంకో దోసెడు మట్టి పోశాను.

ఆ గట్టు మీద గడ్డి ఇప్పుడు మోకాలెత్తు పెరిగింది. బావ కొయ్యడు. గేదె శాలలోంచి అటు మెడ సాచుతుంది. పక్కన పెయ్య కూడా సాచడం నేర్చుకుంది. రెండింటికీ తాడు పొట్టిగా కట్టాడు.